ఏఎన్ఎంలు, సీహెచ్‌ఓలకు నిర్ణయాలు అప్పగిస్తే పర్యవేక్షణ ఎలా చేయాలి?

మన్యం_ఎంఓ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్‌ని. మా కింద ఆరు విలేజ్ హెల్త్ క్లినిక్‌లు. ఒక్కోదానికి ఒక సీహెచ్‌ఓ (క్లినిక్ చూసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే నర్సు), ఊరి ఆశాలు. వీళ్లందరి మీద ఇద్దరు సూపర్‌వైజర్లు.

ఇక్కడ అలవాటు ఏమిటంటే ప్రతిదానికీ ఫోన్. "సార్, బీపీ 150 ఉంది, మాత్ర ఇవ్వమంటారా?", "సార్, పెద్దాసుపత్రికి రాసెయ్యనా?", "సార్, అన్‌టైడ్ ఫండ్‌లోంచి బల్బు కొనొచ్చా?" (క్లినిక్ చిన్న ఖర్చులకి వచ్చే నిధి అది.) సిగ్నల్ లేకపోతే పేషెంట్ ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. వీటిలో సగం నిర్ణయాలు వాళ్లే తీసుకోగలరు, శిక్షణ కూడా అయింది. వాళ్లకే వదిలేద్దామని నాకుంది.

సూపర్‌వైజర్లు ఒప్పుకోవడం లేదు. "ఒకసారి వదిలామంటే మళ్లీ చేతికి రారు, రేపు ఏదైనా అయితే జిల్లా రివ్యూలో మీరే నిలబడాలి" అంటున్నారు. ఆ మాట కొట్టిపారేయలేను. ఏ నిర్ణయాలు అప్పగించాలి, ఏవి నా దగ్గర ఉంచుకోవాలి? అప్పగించాక నేను దేన్ని చూడాలి, ఎన్నాళ్లకోసారి చూడాలి? పుస్తకంలో సూత్రాలు నాకూ తెలుసు. పీహెచ్‌సీ స్థాయిలో నిలబడే పద్ధతి కావాలి.


ఎన్‌సీడీ_తెలంగాణ

డాక్టర్ గారూ, ఫోన్‌లో అడిగి చేసే పద్ధతిలో అంతా మీ అదుపులో ఉన్నట్టే ఉంటుంది. కానీ నెల తిరిగాక వెనక్కి చూస్తే ఏ బీపీకి ఏం చెప్పారో, చెప్పింది జరిగిందో లేదో రాతలో ఎక్కడా ఉండదు. పర్యవేక్షణ అక్కడే లేదు. నిర్ణయం సీహెచ్‌ఓ తీసుకుని, పేషెంట్ కార్డు మీద రాసి, సంతకం పెట్టిన రోజునే మీకు చూడటానికి ఏదైనా మిగులుతుంది. సూపర్‌వైజర్లకు ఈ ముక్క ముందు చెప్పండి.

బీపీతో మొదలుపెట్టండి. నిర్ణయాలు కొద్దే, రోజూ అవే వస్తాయి, ఫలితం అంకెలో తెలిసిపోతుంది. 2017 నవంబర్‌లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ మొదలైంది. మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో నర్సులు, ఏఎన్ఎంల చేతికి పని ఇచ్చారు. అయితే అంతకు ముందే అందరికీ ఒకే చికిత్సా క్రమం, ఆగని మందుల సరఫరా ఉండాలన్నారు. ఆ రెండూ లేకుండా నిర్ణయం మాత్రమే అప్పగిస్తే సిస్టర్‌కి మిగిలేది తిట్లే.

గోడ మీద ఒక్క కాగితం అంటించండి. మందు వాడుతున్న మనిషికి బీపీ 140/90 లోపు ఉంటే 30 రోజుల రీఫిల్ సీహెచ్‌ఓదే, ఎవరినీ అడగక్కర్లేదు. 140/90 నుంచి 180/110 లోపు ఉంటే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి, మాత్రలు మానేశారేమో అడగాలి. మానకుండా వాడుతున్నా దిగలేదంటే అదే రోజు టెలీ కన్సల్టేషన్. మందు మొదలుపెట్టడం, డోసు పెంచడం డాక్టర్ పని. 180/110 దాటితే అదే రోజు డాక్టర్ చూడాల్సిందే. దానికి తోడు ఛాతీ నొప్పో, మాట తడబడటమో, ఒక పక్క పడిపోవడమో ఉంటే ముందు 108 పిలవాలి, మీకు ఫోన్ తర్వాత. కింద పెద్ద అక్షరాలతో: "గర్భిణులకు ఈ కాగితం వర్తించదు. 140/90 వచ్చిందంటే అదే రోజు డాక్టర్‌కి." ఇంతకంటే పొడుగైన కాగితాన్ని ఓపీ మధ్యలో ఎవరూ చదవరు.

ఇక మందులు. ఉదాహరణకి ఒక క్లినిక్‌లో 240 మంది బీపీ పేషెంట్లు, అందరికీ ఆమ్లోడిపిన్ అనుకోండి. 180 మందికి రోజుకు 5 మి.గ్రా. మాత్ర ఒకటి, 60 మందికి రెండు. నెలకు 5,400, 3,600 కలిపి 9,000 మాత్రలు. ఒక నెల నిల్వ కూడా ఉంచుకుంటే 18,000. ఇండెంట్ (మందులు కావాలని పంపే పత్రం) పెట్టేటప్పుడు "పోయిన నెల ఎంత ఇచ్చామో అంత" అని రాస్తే, పోయిన నెల స్టాక్ లేక వారం పంచకపోయింది కూడా లెక్కలో కలిసిపోయి ఈ నెలా తక్కువే వస్తుంది. పేషెంట్ల సంఖ్య మీద లెక్క కట్టి ఇండెంట్ పెట్టే పని సీహెచ్‌ఓకి ఇవ్వండి. మందు లేని వారాల్లో బీపీ అదుపు తగ్గితే ఆ లెక్క ఫార్మసీది, మీది. సీహెచ్‌ఓ ఖాతాలో వేయకండి.

మీరు చూడాల్సింది మూడు నెలలకోసారి ఒక్క అంకె. ఈ త్రైమాసికం మొదలవ్వకముందే నమోదై ఉన్నవాళ్లందరూ కింద. త్రైమాసికంలో చివరిసారి వచ్చినప్పుడు 140/90 లోపు ఉన్నవాళ్లు పైన. రాని వాళ్లని కింది లెక్కలోంచి తీసేయకూడదు, కొంప మునిగేది అక్కడే. 240 మందిలో 180 మంది వచ్చి 120 మందికి అదుపులో ఉంటే, వచ్చినవాళ్ల మీద 67 శాతం. నమోదైనవాళ్ల మీద 50 శాతమే. మొదటి అంకె చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. రెండోది చూస్తేనే ఆ 60 మంది ఏమయ్యారని అడుగుతాం, ఆశాని ఇంటికి పంపుతాం.

ఇంకొకటి, పది నిమిషాల పని. బీపీ రిజిస్టర్‌లో వరసగా 100 రీడింగ్‌ల చివరి అంకె చూడండి. చేత్తో పంపు కొట్టే మిషన్ స్కేలు మీద గీతలు 2 చొప్పున ఉంటాయి కాబట్టి 0, 2, 4, 6, 8 తలా 20 సార్లు రావాలి. డిజిటల్ మిషన్ అయితే పది అంకెలూ తలా పదిసార్లు. ఏవో కొంచెం అటూఇటూ ఉంటాయి. సున్నాలే 70 కనిపించాయంటే చూసి రాయడం లేదు, లేదా గుండ్రంగా చేసేస్తున్నారు. 138/88 దగ్గర కుప్ప పడిందంటే ఎవరో టార్గెట్ కోసం రాస్తున్నారు. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి కఫ్ సైజు, బ్యాటరీ, ఓపీ రద్దీ చూడాలి. రెండోదానికి టార్గెట్‌ని మీరు ఎలా అడుగుతున్నారో చూసుకోవాలి.


లేబర్‌రూమ్_సిస్టర్

పైన సార్ చెప్పింది రోజువారీ పని. అత్యవసరంలో అప్పగించిన అధికారం గురించి నేను రాస్తాను. ఏఎన్ఎంలకు అధికారం కొత్తగా ఇచ్చేదేమీ లేదండీ. ఫిట్స్ వచ్చిన గర్భిణికి రిఫర్ చేసే ముందు మెగ్నీషియం సల్ఫేట్ (ఫిట్స్ ఆపే మందు) మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వొచ్చని కేంద్రం 2010 ఎస్‌బీఏ (కాన్పు చేసే శిక్షణ పొందిన సిబ్బంది) మార్గదర్శకాల్లోనే ఉంది. మరి ఎందుకు ఇవ్వరు? ఇస్తే "నిన్నెవరు ఇవ్వమన్నారు" అంటారు. ఇవ్వకుండా 108 ఎక్కిస్తే ఎవరూ ఏమీ అనరు. రెండో దారే క్షేమం అనిపిస్తుంది ఎవరికైనా.

రెండో కారణం ట్రేలో ఉంటుంది. ఆ డోసు 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 గ్రాములు లోతుగా కండలోకి. 50 శాతం ద్రావణం 2 మి.లీ. ఆంపూల్‌లో ఉండేది ఒక్క గ్రామే. అంటే పది ఆంపూల్స్ కావాలి, 10 మి.లీ. సిరంజిలు రెండు కావాలి. ట్రేలో నాలుగే ఆంపూల్స్ పెట్టి "మందు ఉంది" అని చెక్‌లిస్ట్‌లో టిక్ కొడతారు. మీరు వెళ్లినప్పుడు ఉందా లేదా అని అడగకండి. ఎన్ని ఉన్నాయో, ఎక్స్‌పైరీ ఎప్పుడో లెక్కపెట్టండి. మూడు నెలలకోసారి ఉత్తుత్తి డ్రిల్ పెట్టండి: "ఇప్పుడే ఫిట్స్ వచ్చాయి, చెయ్యండమ్మా" అని వాచీ చూడండి. ఆంపూల్స్ కోసే దగ్గర ఆలస్యమా, బీరువా తాళం దగ్గరా, 108కి ఎవరు ఫోన్ చెయ్యాలన్న దగ్గరా అన్నది అప్పుడే తెలుస్తుంది.

నిజంగా కేసు జరిగితే 48 గంటల్లోపు కూర్చుని మాట్లాడాలి. కాగితం మీద మూడు టైములు చాలు: ఫిట్స్ వచ్చింది, ఇంజెక్షన్ ఇచ్చింది, 108 బయల్దేరింది. "నీకేం కనిపించింది, చేతిలో ఏముంది, ఇంకేం ఉంటే త్వరగా అయ్యేది" అని ఆ వరసలోనే అడగండి. "ఎందుకు ఆలస్యమైంది"తో మొదలెట్టారంటే ఆ తర్వాత వచ్చే టైములన్నీ దిద్దినవే వస్తాయి.

దిద్దడం అంటే గుర్తొచ్చింది, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గంటల వారీగా గీసే చార్టు). "ప్రతి కాన్పుకీ పార్టోగ్రాఫ్ లేకపోతే మెమో" అన్న చోట నూటికి నూరూ ఉంటాయి, కాన్పు అయ్యాక గీసినవి. వాటిని పట్టుకోవడం తేలికే. గర్భాశయ ముఖం ఎంత తెరుచుకుందో నాలుగు గంటలకోసారి చూడాలి కదా, అక్కడ గంట గంటకీ చుక్క ఉంటుంది, అలర్ట్ గీతకి (కాన్పు ఆలస్యమవుతోందని హెచ్చరించే గీత) సమాంతరంగా స్కేలు పెట్టి గీసినట్టు. బిడ్డ గుండె చప్పుడు ప్రతి అరగంటకీ 140, 140, 140. అంతా ఒకే పెన్ను, ఒకే ఒరవడి. అందుకని ఎన్ని నింపారని లెక్కపెట్టడం మానేయండి. నెలకు ఐదు కేసులు తీసి, అలర్ట్ గీత దాటిన చోట సిస్టర్ ఏం చేసింది, ఎవరికి చెప్పింది, ఎంతసేపట్లో అన్నదే చూడండి. ఆ సమయానికి డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే అది కూడా అందులోనే రాయనివ్వండి.

ఉత్తరప్రదేశ్‌లో 2014–16లో 120 ఆసుపత్రుల్లో జరిగిన బెటర్‌బర్త్ అధ్యయనం మీరు చూసే ఉంటారు. సురక్షిత ప్రసవ చెక్‌లిస్ట్ ఇచ్చి, పక్కన నిలబడి నేర్పే కోచ్‌లను పెట్టారు. కోచ్‌లు వస్తున్న రోజుల్లో, రెండు నెలల దగ్గర చూస్తే చెయ్యాల్సిన పనుల్లో 73 శాతం చేస్తున్నారు. కోచింగ్ లేని చోట 42 శాతం. కోచ్‌లు వెళ్లిపోయాక, పన్నెండో నెలకి 73 కాస్తా 62కి దిగింది. తల్లీబిడ్డల మరణాల్లో మాత్రం తేడా రాలేదు. పక్కన ఉండి నేర్పితే పనితీరు పెరుగుతుందనేది అందులో నిజం. మందులు, రక్తం, సిజేరియన్ చేసే చోటు లేకుండా సిస్టర్ల పనితీరు ఒక్కటే ప్రాణాలు నిలబెట్టలేదనేదీ అంతే నిజం. జిల్లా రివ్యూలో మరణాల లెక్క మొత్తం ఏఎన్ఎం మీద పెట్టేవాళ్లకి ఇది చెప్పాలి.

లేబర్ రూమ్‌లు మెరుగుపరిచే కేంద్రం లక్ష్య కార్యక్రమంలో రెండు నెలల చొప్పున ఆరు విడతలు పెట్టింది అందుకే. ఒక విడతకి ఒక్క సమస్య తీసుకోండి. "బిడ్డ పుట్టిన నిమిషం లోపల తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు" అనుకుందాం (రక్తస్రావం ఎక్కువ కాకుండా ఇచ్చే మందు). ఎంత నుంచి ఎంతకి, ఏ తేదీకి అన్నది సిస్టర్లే రాయాలి. గ్రాఫ్ లేబర్ రూమ్ గోడ మీద వాళ్ల చేత్తోనే గీయాలి. ఆఫీసు కంప్యూటర్‌లో గీసి ప్రింట్ తెచ్చి అంటించినదాని వైపు ఎవరూ తలెత్తి చూడరు.


హాజరు_ముఖ్యం

రెండు జవాబులూ బాగున్నాయి, కానీ ఇద్దరూ సిబ్బంది క్లినిక్‌లో ఉన్నారనే లెక్కతో రాశారు. తలుపు తాళం వేసి ఉంటే గోడ మీద కాగితం ఎవరికోసం? స్వేచ్ఛ పేరుతో హాజరు వదిలేయకూడదు.

అలాగని మిషన్ పెడితే సరిపోతుందనీ కాదు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ, జిల్లా యంత్రాంగం కలిసి సబ్‌సెంటర్ ఏఎన్ఎంలకి టైము ముద్ర వేసే మిషన్లు ఇచ్చాయి. బెనర్జీ, డుఫ్లో, గ్లెనర్‌స్టర్ 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. మొదట్లో హాజరు దాదాపు రెట్టింపైంది. పదహారు నెలలకి మిషన్ ఉన్న చోటుకీ లేని చోటుకీ తేడానే లేదు. మిషన్లు చెడిపోవడం పెద్ద కారణం కాదు. పైనుంచి "ఈ రోజు మినహాయింపు" అని ఇవ్వడం పెరుగుతూ పోయింది. మీటింగ్ అనో, వేరే డ్యూటీ అనో. కర్ణాటక పీహెచ్‌సీల్లో వేలిముద్ర మిషన్లు పెట్టినప్పుడు నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్ల హాజరు పెరిగింది, తక్కువ బరువు కాన్పులు కూడా తగ్గాయి. డాక్టర్ల హాజరు మాత్రం కదల్లేదు. డాక్టర్ గారూ, ఇది మీకు ముఖ్యం. పీహెచ్‌సీలో మీరు పదకొండింటికి వస్తుంటే కింద ఏ మిషనూ పనిచేయదు.

ఏఎన్ఎం పని సగం ఊళ్లలో. ఆమెని రోజూ క్లినిక్‌లో ముఖం చూపించమంటే గడప దాటి తిరగదు. తిరగమంటే క్లినిక్‌లో లేదంటారు. దీనికి దారి, నెల టూర్ ప్రోగ్రాం ఆమెనే వేసుకోనివ్వడం. బుధ, శనివారాలు టీకాలవి, అవి కదలవు. మిగతా రోజుల్లో ఏ ఊరు ఎప్పుడన్నది ఆమె ఇష్టం, వ్యవసాయ పనులు ఏ రోజుల్లో ఉంటాయో ఆమెకే తెలుసు. ఆ ప్రోగ్రాం క్లినిక్ తలుపు మీద, పంచాయతీ దగ్గర అంటించాలి. మార్చాలంటే ఉదయం తొమ్మిదిలోపు గ్రూపులో ఒక్క మెసేజ్, కారణంతో. మీరూ ఒకటి రాయండి: పీహెచ్‌సీ వాళ్లు ఆమెని ఉన్నపళంగా మీటింగ్‌కి పిలిచిన రోజులు నెలకెన్ని? అవి మీ తప్పిదాల ఖాతాలో పడాలి. ఉదయ్‌పూర్‌లో మిషన్‌ని పడగొట్టింది సరిగ్గా ఆ మినహాయింపులే.


మన్యం_ఎంఓ

అందరికీ చాలా థ్యాంక్స్. టూర్ ప్రోగ్రాం, గోడ కాగితం వెంటనే పెట్టగలను. ఇంకో చిక్కు ఉంది. సీహెచ్‌ఓల జీతంలో పనితీరు ప్రోత్సాహకం నా సంతకం మీదే వెళ్తుంది. అంకె బాగుంటేనే డబ్బు. అలాంటప్పుడు అంకె నిజమని ఎలా నమ్మాలి? ప్రతిదీ తిరిగి తనిఖీ చేస్తే "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు" అంటారు. చెయ్యకపోతే నేనే కళ్లు మూసుకున్నట్టు.


జిల్లా_డేటా_మేనేజర్

సార్, ఇది అన్ని చోట్లా ఉన్న చిక్కే. కేంద్ర మార్గదర్శకాల్లో ఆ ప్రోత్సాహకం నెలకు 15,000 వరకు, 15 సూచికల మీద. సూచికల్లో ఎక్కువ భాగం సంఖ్యలే, ఇంతమందికి స్క్రీనింగ్, ఇన్ని టెలీ కన్సల్టేషన్లు అని. కుటుంబం నడిచే డబ్బు సంఖ్యతో ముడిపడితే సంఖ్య పెరిగే తీరుతుంది. అందులో మనిషి నీతి కంటే సూచిక తయారీ పాత్రే ఎక్కువ. మీరు సూచికలు మార్చలేరు. రెండు పనులు మాత్రం చెయ్యగలరు.

ఒకటి, నేర్చుకోవడానికి వాడే అంకెని డబ్బుకి వాడే అంకెతో కలపకండి. పైన చెప్పిన బీపీ అదుపు శాతం, పార్టోగ్రాఫ్ ఐదు కేసులు, ఫిట్స్ కేసు చర్చ, వీటిలో ఏదీ ప్రోత్సాహకం ఫైల్‌లోకి రాదని సెక్టార్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పి, మినిట్స్‌లో రాయించండి. ఒక్కసారి మాట తప్పారా, తర్వాతి త్రైమాసికం నుంచి అందరి బీపీలూ అదుపులోకి వచ్చేస్తాయి, రిజిస్టర్‌లో.

రెండు, తనిఖీ అందరికీ ఒకేలా, ముందే తెలిసిన పద్ధతిలో చెయ్యండి. అనుమానం వచ్చిన చోటికే వెళ్తే అవమానం. అందరి దగ్గరికీ వెళ్తే అది పని. దీనికి 19 మంది చాలు. రిజిస్టర్‌లో 380 మంది ఉంటే 380ని 19తో భాగించండి, 20 వస్తుంది. 1 నుంచి 20 లోపు ఒక అంకె చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి ఇరవయ్యో పేరు రాసుకోండి. వాళ్లకి ఫోనో, ఇంటికి వెళ్లడమో. అడగాల్సింది రెండే ముక్కలు: పోయిన నెల క్లినిక్‌కి వచ్చారా, మాత్రలు ఎన్ని ఇచ్చారు. 80 శాతం సరిగ్గా ఉండాలన్నది మీ గీత అయితే 19లో 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోతే (చిన్న నమూనా కాబట్టి కొంత వెసులుబాటు) ఆ క్లినిక్ పాస్. 12 అయితే ఇంకా లోతుగా చూడాలి. గుర్తుంచుకోండి, ఇది "గీత దాటిందా లేదా" చెప్పడానికే. 13/19ని 68 శాతం అని రాసి క్లినిక్‌ల మధ్య ర్యాంకులు ఇస్తే తప్పు, అంత చిన్న నమూనాకి ఆ బలం లేదు.

రిపోర్ట్‌లకి ఇంకో లెక్క. హెచ్‌ఎంఐఎస్‌లో (నెలవారీ రిపోర్ట్‌లు పంపే ప్రభుత్వ పోర్టల్) పోయిన అంకెని పక్కన పెట్టి, రిజిస్టర్‌లో మళ్లీ లెక్కపెట్టండి. లెక్కపెట్టింది పైన, పంపింది కింద. 90 నుంచి 110 శాతం మధ్య ఉంటే ఫరవాలేదు. 80 వచ్చిందంటే లేనివి పంపారు. 120 వచ్చిందంటే చేసిన పని కూడా రిపోర్ట్‌లో ఎక్కలేదు, సిబ్బంది నష్టపోతున్నారు. ఈ రెండోది కూడా వెతికి చెప్పారనుకోండి, తనిఖీ అంటే ఉన్న భయం సగం పోతుంది. తరచూ కనపడే కారణాలు మామూలువే: నెల 25న మూసేవాళ్లు కొందరు, 30న మూసేవాళ్లు కొందరు. పక్క ఊరి నుంచి పుట్టింటికొచ్చిన గర్భిణిని రెండు చోట్లా రాయడం. అదే కేసు యాప్‌లో ఒకసారి, రిజిస్టర్‌లో ఇంకోసారి.

తనిఖీ మొదటి విడత సూపర్‌వైజర్లతో చేయించకండి. ఒక క్లినిక్ రిజిస్టర్ని పక్క క్లినిక్ సీహెచ్‌ఓ చూడాలి, ఆమెది ఇంకొకరు. ఇద్దరూ అదే పని చేస్తారు కాబట్టి దిద్దిన రాత ఎక్కడుంటుందో వాళ్లకి మీకంటే బాగా తెలుసు. ఇద్దరిద్దరినే జత చేస్తే కుమ్మక్కవుతారు, అందుకని ఆరింటినీ గుండ్రంగా తిప్పండి. ప్రతి విడతా వరస మార్చండి.

మెమోల సంగతి కూడా ఒక మాట. ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) కాంట్రాక్టు సిబ్బందికి రెగ్యులర్ ఉద్యోగిలా సీసీఏ రూల్స్ (క్రమశిక్షణ చర్యల నియమాలు) రక్షణ ఉండదు, రెన్యువల్ మీద బతుకు. రెగ్యులర్ ఏఎన్ఎంకి మెమో కాగితం ముక్క కావచ్చు, కాంట్రాక్టు సీహెచ్‌ఓకి అది ఉద్యోగం పోయే సూచన. ఒకే తప్పుకి ఒకే భాష వాడినా ఇద్దరి మీదా బరువు ఒకటి కాదు. లేనిది రాయడం, డబ్బు తీసుకోవడం, చెప్పకుండా రాకపోవడం, వీటికి మెమో ఉంచండి. గోడ కాగితం ప్రకారం చేసి ఫలితం చెడిపోతే మెమో ఇవ్వనని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మీ సంతకం ఉన్న ఆ కాగితం లేకపోతే మీరు అప్పగించానన్నది మాటల్లోనే ఉంటుంది.


యూకే_తెలుగు_నర్స్

ఇంగ్లండ్ నుంచి చిన్న మాట. భయంతో నడిచే పర్యవేక్షణ ఎక్కడికి తీసుకెళ్తుందో ఇక్కడ మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో చూశారు. 2005–09 మధ్య టార్గెట్లు, ఖర్చు తగ్గింపు, ఫౌండేషన్ ట్రస్ట్ హోదా (ఆసుపత్రికి ఎక్కువ స్వేచ్ఛనిచ్చే హోదా) మీద యాజమాన్యం చూపు. ఎమర్జెన్సీలో నాలుగు గంటల టార్గెట్ కోసం సిబ్బంది మీద ఒత్తిడి. వార్డుల్లో మాత్రం రోగులకు నీళ్లు అందించే దిక్కు లేని పరిస్థితి. చెప్పిన నర్సులని పట్టించుకోలేదు. 2013 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ నివేదిక 290 సిఫార్సులు చేసింది. ఆ తర్వాతి సమీక్ష నుంచే "ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్" అనే పదవి ప్రతి ట్రస్ట్‌లో (ఆసుపత్రులు నడిపే ప్రభుత్వ సంస్థ) వచ్చింది. పై అధికారిని దాటి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటారన్నమాట.

పదవి పెట్టినంత మాత్రాన అంతా మాట్లాడేయరు. చెప్పినదానికి జవాబు వచ్చిన వార్డుల్లోనే రెండోసారి చెప్తారు. మీ పీహెచ్‌సీలో అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. జరగబోయి తప్పిన పొరపాట్లకి ఒక నోట్‌బుక్, పేరు రాయక్కర్లేకుండా. తప్పు వయల్ చేతికి వచ్చి చివరి నిమిషంలో గమనించడం లాంటివి. కుడి పేజీలో వాళ్లు రాస్తారు, ఎడమ పేజీలో మీరు ఏం మార్చారో తేదీతో రాయాలి. ఎడమ పేజీలు ఖాళీగా ఉంటే రెండు నెలల్లో కుడివీ ఖాళీ అవుతాయి. అలాంటి నోట్‌బుక్‌లో ఎంట్రీలు పెరిగితే పనితీరు పడిపోయిందని జిల్లాలో ఎవరైనా అనొచ్చు. మొదటి ఏడాది పెరగడం మంచి గుర్తే.


క్లినిక్_సీహెచ్‌ఓ

సార్, సీహెచ్‌ఓల వైపు నుంచి రెండు విషయాలు, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

అప్పగించిన పనికి డబ్బు కూడా రావాలి. సబ్‌సెంటర్ స్థాయి క్లినిక్‌కి ఏడాదికి అన్‌టైడ్ ఫండ్ 50,000. క్లినిక్‌ని చూసుకునే కమిటీ జన్ ఆరోగ్య సమితికి సర్పంచ్ అధ్యక్షులు, పీహెచ్‌సీ డాక్టర్ సహాధ్యక్షులు, సీహెచ్‌ఓ సభ్య కార్యదర్శి. నిబంధన ఇంతవరకు బాగుంది. ఆచరణలో బల్బు, బ్యాటరీ, బీపీ కఫ్‌కి కూడా ముగ్గురి వెంటా తిరగాలి. సమితి మీటింగ్‌లో ఒక్క తీర్మానం రాయించండి: ఫలానా మొత్తం లోపు, ఫలానా వస్తువులు, సీహెచ్‌ఓ ముందు కొని బిల్లు తర్వాతి మీటింగ్‌లో పెట్టొచ్చని. కొన్న వస్తువు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన పేజీ నంబర్ బిల్లు వెనక రాస్తే ఆడిట్‌లో పేచీ రాదు. బిల్లు జీఎస్టీ దుకాణందా కాదా అన్న దగ్గరే ఎక్కువ గొడవలు, అది కూడా తీర్మానంలోనే తేల్చేయండి.

రెండోది, మీ వైపు గడువు. గోడ కాగితం మీద సీహెచ్‌ఓ ఏ బీపీకి ఏం చెయ్యాలో ఉంది. టెలీ కన్సల్టేషన్ కాల్ వస్తే ఎంతసేపట్లో ఎత్తాలో, మీరు 104 వాహనంతో ఊళ్లలో ఉన్న రోజు ఎవరు ఎత్తాలో, ఇద్దరూ దొరక్కపోతే ఎవరికి పోవాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. కాల్ చేసిన టైము, ఎత్తిన టైము ఒక గళ్ల కాగితంలో రాస్తాం. క్లినిక్‌ల అంకెలతో పాటు అది కూడా నెలాఖరు మీటింగ్‌లో చదవాలి.

సూపర్‌వైజర్ గారు వచ్చినప్పుడు రిజిస్టర్ల మీద ఎర్ర సంతకాలు పెట్టి వెళ్లిపోతే మాకేం ఉపయోగం లేదు. ముగ్గురు పేషెంట్లని చూస్తుంటే పక్కన కూర్చోమనండి. పది కార్డులు తీసి గోడ కాగితంతో పోల్చమనండి. రెండిళ్లకి రమ్మనండి. వెళ్లేముందు విజిట్ పుస్తకంలో ఒక్కటే రాయమనండి: ఏం మారాలి, ఎవరు చెయ్యాలి, ఏ తేదీకి. ఆ "ఎవరు" దగ్గర ప్రతిసారీ మా పేరే ఉండకూడదు. కఫ్ రాకపోతే ఫార్మసిస్ట్ పేరు, రిఫర్ చేసిన గర్భిణి ఏమైందో తిరిగి కబురు రాకపోతే పీహెచ్‌సీ పేరు రాయాలి. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి, అక్కడి నుంచే మొదలుపెట్టమనండి.


మన్యం_ఎంఓ

కాల్ టైముల గళ్ల కాగితం ముందు నా పేరుతోనే మొదలుపెడతాను. గోడ కాగితం ముసాయిదా ఈ వారం సీహెచ్‌ఓలు, సూపర్‌వైజర్లతో కూర్చుని రాసి ఇక్కడే పెడతాను. షుగర్‌కి కూడా అలాంటి కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల రీఫిల్ ఎక్కడ ఆపాలన్న దగ్గర నాకు స్పష్టత కావాలి.